అసలు, నకలు, నకిలీ - మోటారు ఫిల్టరుల మాట

అసలు, నకలు, నకిలీ అను మూడు మాటలును అరబ్బీలో పుట్టి, ఫార్సీ ఉర్దూల మీదుగా తెనుగునకు వచ్చి, నేడు పల్లెటూరి రైతు నోట సైతము నలుగుచున్నవి. ఉర్దూ తెలుగులు రెండును ఒకే కప్పు క్రింద చదువుకొను మన విద్యార్థులకు ఇది ముచ్చట గొలుపు సంగతియే. అయితే ఈ మాటల నడుమ అర్థభేదము కలదు. రిజిస్ట్రారు కచేరీలో దరఖాస్తు పెట్టి పొందిన దస్తావేజు నకలు అసలు కాగితము కాదు. అయినను దాని మీద అధికారి సంతకమును ముద్రయు ఉన్నచో పదిమందిలో చెల్లును. నకిలీ దస్తావేజు అట్టిది కాదు. దానిని పుట్టించినవాడు జైలు పాలగును, నమ్మి కొన్నవాడు నేల పోగొట్టుకొనును.

మోటారు విడిభాగముల దుకాణము మెట్టెక్కగనే ఈ భేదము మన మనస్సునుండి జారిపోవుచున్నది. అక్కడ వినబడు ప్రశ్న ఒక్కటే: "ఒరిజినల్ ఇమ్మంటారా, డూప్లికేటు ఇమ్మంటారా?" వాహనము తయారుచేసిన కంపెనీ పేరు గల పెట్టెలో ఉన్నది ఒరిజినల్, తక్కినదంతయు డూప్లికేటు. ఈ లెక్కన కొందరు భయపడి ప్రతి వస్తువునకును కంపెనీ ధరయే చెల్లించుచున్నారు. మరికొందరు, అన్నియు ఒకే రేకు, ఒకే కాగితము గదా, పెట్టె మీది బొమ్మకు డబ్బేలయని చేతికందిన దానిని బిగించుచున్నారు. ఇరువురి లెక్కయు సరికాదని మా అభిప్రాయము. దానిని విశదపరచుటకు ఎయిర్ ఫిల్టరు, ఆయిల్ ఫిల్టరు అను రెండు చిన్న వస్తువులను తీసికొనుచున్నాము. వాహనములో ఇంత చౌకయైన భాగములు కొన్నియే ఉండును. చెడినచో ఇంత పెద్ద నష్టము తెచ్చునవియు కొన్నియే. కమిటీవారి పోషణలో కళాశాల బస్సు కలదు. విద్యార్థులలో పలువురు ద్విచక్రవాహనముల మీద వచ్చుచున్నారు. అన్నిటిని మించి, మన సమాజములో ఆటో నడిపియు, మోటారు షెడ్డులో ఉస్తాదుగానో షాగిర్దుగానో పనిచేసియు సంసారమును ఈదుకొను కుటుంబములు చాల కలవు. ఆటో ఇంజను పాడైన నెల ఆ యింటి పిల్లల ఫీజు ఆగిపోవుట మనము ఆఫీసు గదిలో చూచుచునే యున్నాము.

ముందుగా గాలి సంగతి. ఇంజను పెట్రోలునో డీజిలునో త్రాగునని అందరును ఎరుగుదురు. అది ఎంత గాలిని పీల్చునో తలచువారు తక్కువ. ఒక లీటరు పెట్రోలు సంపూర్ణముగా మండుటకు సుమారు 11 కిలోల గాలి కావలెను. కొలతలో చెప్పవలెనన్న అది దాదాపు 9,000 లీటర్లు. డీజిలు ఇంజను అవసరమునకు మించిన గాలినే తీసికొనును గనుక లీటరు డీజిలునకు 10,000 లీటర్లకు తక్కువ పట్టదు. రోజునకు 20 లీటర్ల డీజిలు కాల్చు బస్సు 2 లక్షల లీటర్లకు పైబడిన గాలిని లోనికి లాగుకొనుచున్నదన్న మాట. ఆ గాలి కొండ మీది గాలి కాదు గదా! ముందు పోవు ఇసుక లారీ వెనుకను, కంకర మిల్లుల ప్రక్కను, వేసవి మధ్యాహ్నపు సుడిగాలిలోను పీల్చిన గాలి.

మన ప్రాంతపు దుమ్మునకు మరియొక గుణము కలదు. తెలంగాణములో చాల భాగమునను, అనంతపురము చిత్తూరు ప్రాంతములలోను నేల గ్రానైటు రాయి చితికి ఏర్పడినది. గ్రానైటులో క్వార్ట్జు అను ఖనిజము ఉండును. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మోహ్స్ మానములో వజ్రమునకు 10 అంకె వేసినచో క్వార్ట్జునకు 7 వేయుదురు. సిలిండరు గోడకు వాడు పోత ఇనుము అంతకంటె మెత్తనిది. గాలితోబాటు లోనికి పోయిన క్వార్ట్జు రేణువు పిస్టను రింగునకును సిలిండరు గోడకును నడుమ చిక్కి, నిమిషమునకు వేలమారులు పైకిని క్రిందికిని రాచుకొనును. సానరాయి కత్తిని అరగదీసినట్లే అది ఇంజనును అరగదీయును. రింగులు అరిగిన పిదప నూనె పైకెక్కి మండును, సైలెన్సరు నుండి నీలిపొగ వచ్చును. చివరకు ఉస్తాదు "బోరు చేయించాలి సాబ్" అనును.

ఇక రేణువుల పరిమాణము. మన తల వెండ్రుక లావు ఇంచుమించు 70 మైక్రానులు. 40 మైక్రానులకు లోబడిన రేణువు మామూలు కంటికి ఆనదు. ఇంజనుకు మిక్కిలి హాని చేయునవి 5 మొదలు 20 మైక్రానుల వరకు గల రేణువులు. ఏలయన, బరువు మోయుచు తిరుగు బేరింగులో లోహమునకును లోహమునకును నడుమ నిలుచు నూనె పొర మందము కొన్ని మైక్రానులు మాత్రమే. ఇందువలన తేలిన విషయమును విద్యార్థులు గమనింపవలెను. కంటికి కనబడు దుమ్మును ఏ గుడ్డపేలికయైనను ఆపును. ఆపవలసిన దుమ్ము మాత్రము కంటికి కనబడదు. కాబట్టి ఒక ఫిల్టరు పని చేయుచున్నదో లేదో దానిని చూచి చెప్పుట ఎవరి తరము కాదు. కుళ్లిన కూరగాయ వాసన వేయును, చినిగిన గుడ్డ వెలుతురులో తెలియును. ఫిల్టరు విషయమున అట్టి సాక్ష్యమేదియు లేదు. మోసమునకు ఇంతకంటె అనువైన సరకు ఉండదు.

ఆయిల్ ఫిల్టరు కథ మరికొంత చిక్కుది. క్రింది తొట్టిలోని నూనెను పంపు పైకెత్తి ఫిల్టరులోనికి నెట్టును. ఫిల్టరులోని మడతల కాగితము గుండా పోయి శుభ్రపడిన నూనె బేరింగులకు చేరును. దుకాణములో కనబడు నల్లని లేక తెల్లని రేకు డబ్బాలో ఈ కాగితము ఒక్కటియే ఉన్నదని పలువురి భ్రమ. చాల డబ్బాలలో రెండు కవాటములు కూడ ఉండును. ఒకటి రబ్బరు పొర వంటిది. ఇంజను ఆపినపుడు డబ్బాలోని నూనె వెనుకకు జారిపోకుండ అది పట్టి యుంచును. అది లేకున్నను, రబ్బరు గట్టిపడి మూసికొనకున్నను, తెల్లవారి ఇంజను స్టార్టు చేసిన మొదటి క్షణములలో బేరింగులకు నూనె అందదు; అవి పొడిగానే తిరుగును. రెండవది స్ప్రింగు గల అడ్డదారి కవాటము. చలికి నూనె చిక్కబడినపుడు గాని, కాగితము మురికితో పూడినపుడు గాని నూనె దాటలేక నిలిచిపోవును. అప్పుడు ఈ కవాటము తెరచుకొని వడగట్టని నూనెనే లోనికి విడుచును. ఇంజనుకు నూనె బొత్తిగా అందకుండుటకంటె మురికి నూనె అందుట నయము గదా! ఆ స్ప్రింగు ఎంత ఒత్తిడికి లొంగవలెనన్నది ఇంజనుకొక విధముగ ఉండును. కొన్ని ఇంజనులలో ఈ కవాటము ఫిల్టరులో కాక ఇంజను దిమ్మెలోనే ఉండును.

ఈ చివరి సంగతి వలన ఒక ముఖ్యవిషయము స్పష్టమగుచున్నది. ఒక డబ్బా మర మరియొక ఇంజను మరకు సరిగా పట్టవచ్చును, రబ్బరు వాచరు కూడ సరిపడవచ్చును. అంత మాత్రమున అది ఆ ఇంజను ఫిల్టరు కాజాలదు. లోపలి స్ప్రింగు బలహీనమైనదైనచో నూనె ఎల్లప్పుడును అడ్డదారిన పోవుచునే యుండును, కాగితము అలంకారముగా మిగులును. స్ప్రింగు మరీ బలమైనదైనచో పూడిన కాగితము ఒత్తిడికి నలిగి చిరుగును. "పట్టింది గదా, ఇంకేమి" అను మాట మన షెడ్డులలో తరచు వినబడునది. ఆయిల్ ఫిల్టరు విషయమున అంతకంటె ప్రమాదకరమైన మాట లేదు. డ్యాష్‌బోర్డు మీద ఎఱ్ఱ నూనె దీపము ఉన్నదిగదా యని ధైర్యము చెప్పువారు కలరు. ఆ దీపము ఒత్తిడి దాదాపు అడుగంటిన పిదపనే వెలుగును. అరుగుదలను అది చూపదు.

మొదటి తరము మోటారు కార్లకు ఈ బాధలేవియు లేవు. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు టి మోడలు కారుకు ఆయిల్ పంపు గాని ఆయిల్ ఫిల్టరు గాని లేవు. ఇంజనులు మాత్రము తరచు విప్పవలసి వచ్చెడిది. 1923లో అమెరికా దేశమున ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనునతడు ఇంజను నూనెను వడగట్టు పరికరమును రూపొందించి దానికి పురొలేటరు అని పేరిడెను. ఆ పేరు నేటికిని మన దుకాణములలో వినబడును.

ఇప్పుడు అసలు అనబడు దానిని విప్పి చూతము. కారు, బస్సు, మోటారు సైకిలు తయారుచేయు కంపెనీలు సాధారణముగా ఫిల్టరులను తాము చేయవు. తమ ఇంజనుకు కావలసిన కొలతలు, కాగితపు గుణము, కవాటపు ఒత్తిడి నిర్ణయించి, ఫిల్టరులే వృత్తిగా గల సంస్థలచేత చేయించి, తమ పేరు అచ్చువేయించుకొనును. పుణెలోని ఫ్లీట్‌గార్డ్, ఫరీదాబాదులోని ఎలోఫిక్, జర్మనీలో పుట్టిన బాష్, మాన్ హమ్మెల్, మాహ్లె మున్నగునవి ఇట్టి సంస్థలు. ఇవియే తమ సొంత పేరుతోను బజారులో ఫిల్టరులను అమ్ముచున్నవి. కొన్నిచోట్ల ఒకే కర్మాగారము నుండి వచ్చిన సరకు రెండు పెట్టెలలో రెండు ధరలకు దొరకుట కలదు. ప్రతి సందర్భమునను రెండును అచ్చముగా ఒకటేయని చెప్పరాదు. సొంత పేరుతో అమ్మునది మరియొక నమూనా కావచ్చును. అయినను దానిని డూప్లికేటు అనుట అన్యాయము. పేరును చిరునామాను ధైర్యముగా పెట్టె మీద వేసికొని, ఏ ఇంజనుకు పనికివచ్చునో అంకెలతో సహా అచ్చువేసి అమ్ము సరకు అది. మేము నకలు అనునది దీనినే. ముద్రయు సంతకమును ఉన్న నకలు.

ఈ నకలునకు మన దేశములో న్యాయపరమైన స్థానమును కలదు. కార్ల కంపెనీలు విడిభాగములను బయటి మెకానికులకు అందనీయకుండ కట్టడి చేయుచున్నవని 2011లో వచ్చిన ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా విచారణ జరిపినది. 2014 ఆగస్టు 25వ తేదీన 14 కంపెనీలను తప్పుపట్టి మొత్తము సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. వాటిలో టాటా మోటార్స్, మారుతి సుజుకి, మహీంద్రా కలవు. జరిమానాల లెక్క అప్పీళ్లలో పడినది. మూడు కంపెనీల విషయమున 2016లో అప్పీలు ట్రిబ్యునలు తీర్పు సారమును నిలిపి జరిమానాను మాత్రము తగ్గించినది. మనకు ముఖ్యమైనది డబ్బు లెక్క కాదు. బయటి మెకానికు చేత పని చేయించుకొన్న మాత్రమున గ్యారంటీ మొత్తము రద్దు అను షరతు పెట్టరాదనియు, ఆ పని లోపము వలన కలిగిన నష్టము మేరకే గ్యారంటీని నిరాకరింపవచ్చుననియు కమిషన్ చెప్పినది. "బయట చేయి వేయించినారా, ఇక మాకు సంబంధము లేదు" అని సర్వీసు సెంటరులో బెదరించువారి యెదుట ఈ మాట తెలిసియుండుట మంచిది.

ఇంతవరకు విన్నవారు, అట్లయిన చౌకదే కొందుమనుకొందురేమో. ఇప్పుడు నకిలీ సంగతి వినవలెను. దీనిలోనివాడు తన పేరు చెప్పడు. పేరుగల కంపెనీ పెట్టెను, రంగును, అక్షరములను దొంగిలించును. ట్రేడ్ మార్కుల చట్టము, 1999 ప్రకారము అది నేరము. డబ్బాను రంపముతో కోసి చూచినపుడు గాని లోగుట్టు బయటపడదు. నిండుగ దగ్గర దగ్గరగ ఉండవలసిన కాగితపు మడతలు దూరదూరముగ విరళముగ ఉండును. మడతలు తగ్గినకొద్దియు మురికిని పట్టు వైశాల్యము తగ్గును. మంచి ఫిల్టరు కాగితమును రెసినుతో తడిపి వేడిలో గట్టిపరతురు. నకిలీలో అది వేడి నూనెకు మెత్తబడును. రబ్బరు పొర ఉండవలసినచోట ఉండకపోవచ్చును. ఎయిర్ ఫిల్టరులోనైతే అంచున ఉండు రబ్బరే ప్రాణము. కాగితము ఎంత మంచిదైనను అంచు సరిగా కూర్చొననిచో గాలి ఆ సందునుండియే పోవును. గాలికి బద్ధకము జాస్తి, సులువైన దారి ఉండగా కష్టమైన దారిన పోదు.

ప్రవక్తవారు బజారులో నడచుచు ధాన్యపు రాశిలో చేయి దూర్చి, పైన ఎండియున్న గింజల క్రింద తడి గింజలను కనుగొన్న వృత్తాంతము మన విద్యార్థులకు క్రొత్తది కాదు. ఫిల్టరు డబ్బాలో చేయి దూర్చుటకు వీలులేదు. అయినను ఆ పరీక్షను మనము చేయలేమని కాదు. ఒక దుకాణము నుండి మొదటిసారి కొనునపుడు ఒకే రకము ఫిల్టరులు రెండు కొని, ఒకదానిని కోసి, నమ్మకమైన చోట కొన్న మరియొకదానితో పోల్చి చూడవచ్చును. ఒక్క ఫిల్టరు ధర నష్టమగును, నిజమే. బస్సులు నాలుగైదు నడుపు సంస్థకు అది లెక్కలోనిది కాదు. మన భౌతికశాస్త్ర శాఖవారు ఇట్లు కోసిన డబ్బాలను ప్రయోగశాలలో ప్రదర్శించినచో విద్యార్థులకు పాఠమును, వారి తండ్రులకు ఉపకారమును అగును.

మాకు తెలిసిన ఒక పాఠశాల వ్యాను విషయము ఇక్కడ చెప్పవలసియున్నది. క్రొత్తగా ఇంజను పని చేయించిన ఏడాదికే అది నూనె త్రాగుటయు, నీలిపొగ వదలుటయు మొదలిడినది. ఉస్తాదు ఎయిర్ ఫిల్టరు విప్పి, దాని వెనుకనున్న గొట్టము లోపల వ్రేలు పెట్టి చూపగా సన్నని ఎఱ్ఱ దుమ్ము అంటినది. ఫిల్టరు దాటిన తరువాత గొట్టములో దుమ్ము ఉండనే రాదు. ఫిల్టరు అంచు రబ్బరు రాయివలె బిగిసి, ఒక ప్రక్క పైకి లేచియున్నది. అటక మీది ఖాళీ పెట్టెను దింపి చూడగా కంపెనీ పేరులో ఒక అక్షరము మారియున్నది. దుకాణదారుడు బిల్లు ఇయ్యలేదు గనుక అడుగుటకు ఆధారమును లేకపోయెను. ఇంజను మరల విప్పుటకు, బోరు చేయించుటకు ఇరువది దినములు పట్టినది. ఆ ఇరువది దినములును దూరపు పల్లెల ఆడపిల్లలు బడికి రాలేదు. వారిలో ఇద్దరు ఆ తరువాత రానేలేదు. ఫిల్టరు కొనుటలో మిగిలినది నూరో నూటయేబదియో.

కమిటీవారికి ఈ సందర్భమున ఒక మనవి. విరాళములతో నడచు సంస్థకు పొదుపు ధర్మమే. మూడు కొటేషనులు తెప్పించి తక్కువ దానిని ఆమోదించుట ఆడిటు దృష్టిలో మంచి పద్ధతియే. అయితే కొటేషను కాగితములో "ఆయిల్ ఫిల్టరు - 1" అని మాత్రమే వ్రాసినచో మూడు దుకాణములవారు మూడు వేర్వేరు వస్తువులకు ధర వ్రాయుదురు; మనము వాటిని ఒకటిగా భావించి పోల్చుదుము. తక్కువ ధర వ్రాసినవాడు తక్కువ లాభము తీసికొన్నాడనుటకు అక్కడ ఆధారము లేదు. "లేదా తత్సమానము" అను మాట వ్రాసినచో తలుపు బార్లా తెరచినట్లే. ఇంజను పుస్తకములోని పార్టు నంబరును, దానికి సరియగునని పేరుగల ఫిల్టరు సంస్థలు తమ పట్టికలలో అచ్చువేసిన నంబర్లను వ్రాసి, వాటికి మాత్రమే ధర అడుగవలెను. అప్పుడు తక్కువ ధరకు విలువ కలదు.

ఇది క్రొత్త ఉపాయమేమియు కాదు. నిజాము రాజ్యమున రైల్వే శాఖలో భాగముగా 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా వ్యవస్థయే కాలక్రమమున ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ యై, 1999లో 18,000కు పైబడిన బస్సులతో గిన్నిస్ గ్రంథమునకు ఎక్కినది. అంత సంస్థకు ప్రతి భాగమును వాహన కంపెనీ పెట్టెలోనే కొన్నచో గిట్టదు. బజారులో దొరకినది కొన్నచో బస్సు నిలువదు. అందువలననే దేశములోని రాష్ట్ర రవాణా సంస్థలన్నియు కలసి 1965లో ఏర్పరచుకొన్న సంఘము ద్వారా, ఆమోదము పొందిన తయారీదారులతో ధరల ఒప్పందములు చేసికొను పద్ధతి వచ్చినది. మన బస్సు ఒక్కటైనను పద్ధతి అదియే కావచ్చును. గ్యారంటీ కాలము ముగియు వరకు కంపెనీ పెట్టెనే వాడుట సుఖము. నష్టపరిహారము అడుగు వేళ వాదమునకు తావుండదు. ఆ పిమ్మట ఇద్దరు ముగ్గురు తయారీదారుల పేర్లను తీర్మానములో వ్రాసికొని, వారి అధికార పంపిణీదారు వద్ద బిల్లుతో కొనవచ్చును. మార్చిన తేదీ, కిలోమీటరు అంకె, పార్టు నంబరు లాగుపుస్తకములో ఎక్కింపవలెను. విజయవాడ ఆటోనగరులోను, హైదరాబాదు పుత్లీబౌలిలోను పేరు నిలుపుకొన్న దుకాణములవారు తామే నంబరు అడిగి గాని సరకు తీయరు.

మంచి ఫిల్టరు కొనియు దానిని చంపుకొనువారు కలరు. వారిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఏలయన మన ఊళ్లలో నకిలీ వలన కలుగు నష్టమునకు ఈ నష్టము తీసిపోదు. ఎయిర్ ఫిల్టరును విప్పి, మెట్టు రాతికి కొట్టి దులుపుట, గాలి పంపు వద్దకు తీసికొనిపోయి జోరుగా గాలి కొట్టించుట ఇక్కడ శుభ్రతగా చెల్లుబాటగుచున్నది. కొట్టుట వలన అంచు వంగును. జోరు గాలికి కాగితములో కంటికానని రంధ్రములు పడును. ఇంతకును కొంచెము మురికి పట్టిన ఎయిర్ ఫిల్టరు క్రొత్తదానికంటె మెరుగుగా దుమ్మును ఆపునన్నది పరీక్షలలో తేలిన విషయము. కాగితము మీద కూర్చున్న దుమ్ము పొర తానే రెండవ జల్లెడగా పనిచేయును. పొర దళసరియై గాలికి అడ్డుపడినపుడే మార్పు అవసరము. బస్సులకు ఈ అడ్డును చూపు సూచిక ఉండును. అది ఎఱ్ఱబడు వరకు ఫిల్టరును కదపనక్కరలేదు. పెద్ద వాహనములలో బయటిది, లోపలిది అని రెండు ఫిల్టరులున్నచో లోపలిదానిని ఎన్నడును శుభ్రపరచరాదు, మార్చుటయే. యాక్టివా వంటి స్కూటర్లలో జిడ్డు పూసిన కాగితము ఉండును. దానికి గాలి కొట్టినచో జిడ్డు పోవును, దానితో పనితనము పోవును. ట్రాక్టరులలో కనబడు నూనె గిన్నె ఫిల్టరు సంగతి వేరు. దానిని కడుగవలసినదే, గిన్నెలో నూనె గీటు వరకు నింపవలసినదే.

ద్విచక్రవాహనములు గల విద్యార్థులు ఒకటి గమనింతురు గాక. స్ప్లెండరు వంటి ఇంజనులలో కాగితపు ఆయిల్ ఫిల్టరు ఉండదు. ఒక జాలీయు, గిరగిర తిరుగుచు మురికిని అంచునకు నెట్టు చిన్న గిన్నెయు ఉండును. సన్నని మురికి నూనెలోనే మిగులును గనుక అక్కడ నూనెను వేళకు మార్చుటయే వడపోత. పల్సరు వంటి వాటిలో కాగితపు ఫిల్టరు కలదు. ఇక నూనె తడిపిన నూలు గుడ్డతో చేసిన ఖరీదైన ఎయిర్ ఫిల్టరులను యువకులు మోజుపడి బిగించుచున్నారు. గాలి కొంత సులువుగా పోవుట నిజమే. ఆ సులువులో దుమ్మునకును వాటా ఉండవచ్చునని, పందెములకు చేసిన వస్తువు కంకర రోడ్డునకు పనికిరాదని మా ఉద్దేశము.

మైలేజీ పెరుగునని చెప్పి ఫిల్టరులమ్మువారిని గూర్చి ఒక మాట. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో, ఎయిర్ ఫిల్టరు పూడినంత మాత్రమున కంప్యూటరు అదుపుగల పెట్రోలు కారులలో ఇంధనపు ఖర్చు చెప్పుకోదగినంత పెరుగదని కనుగొనిరి. గాలి తగ్గినచో పెట్రోలును కూడ కంప్యూటరు తగ్గించును. తగ్గునది ఉరుకు మాత్రమే. పాత కార్బురేటరు బండ్లలో కొంత తేడా ఉండును. మొత్తము మీద ఫిల్టరు ఉన్నది ఇంజను అరుగుదలను ఆపుటకు.

చివరిగా పాత సరకు విషయము. నకిలీవానికి అన్నిటికంటె విలువైనది కంపెనీవారి నిజమైన ఖాళీ పెట్టె. షెడ్డు మూలనుండి ఏరినవాని వద్ద అది కొని, లోపల తన సరకు పెట్టినచో అక్షరము తప్పు పట్టుటకును వీలులేదు. అందుచేత ఫిల్టరు బిగింపగనే పెట్టెను నాలుగు ముక్కలుగా చింపవలెను. దాని మీది మెరుపు బిళ్లను గోటితో గీకివేయవలెను. విప్పిన ఆయిల్ ఫిల్టరుకు మేకుతో రంధ్రము చేసి, ఒక రాత్రి తలక్రిందులుగ నిలిపి, కారిన నూనెను పాత నూనె డబ్బాలో కలిపి, డబ్బా నిండిన పిమ్మట పాత నూనె తీసికొను లైసెన్సుదారునకు ఇయ్యవలెను. కళాశాల షెడ్డు వెనుక మురుగు కాలువలో పోయరాదు. ఆ కాలువ మన బావి ప్రక్కగనే పారుచున్నది.